ఫ్లెక్సీలో లేని మొహం

"నాన్నా, నా ఫొటో ఏది?"

షాట్‌పుట్‌లో రాష్ట్రంలోనే ఫస్టొచ్చిన రుచితకు అభినందనలంటూ తిరువూరు సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ నిండా నాన్న అంకారావు, అన్న అఖిల్, బాబాయిలు, నాయకులు ఉన్నారు. అవి డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల పోటీలని ఎక్కడా లేదు.

"రేపు ఆడపెళ్లివాళ్లు ఈ దారినే వస్తారు. నీ మొహం చూస్తే అన్నయ్య సంబంధం పోద్ది," అన్నాడు అంకారావు. "పేరేయించాగా! రేపు ఎప్పట్లాగే వెనక గదిలో ఉండు."

"స్టేడియంలో మైకులో పిలిస్తే అందరి ముందుకీ వెళ్లాను. చప్పట్లు కొట్టారు."

"అక్కడంతా నీలాంటివాళ్లేగా!"

రుచిత మెడలో పతకాన్ని సరిచేసుకుంది.

"రేపు నేను హాల్లోనే కూర్చుంటా. నీకు సిగ్గయితే ఆ గదిలో నువ్వుండు నాన్నా. నేను బయట గడియ పెట్టన్లే."