గాడిద వెనక కాళ్లు

కాకినాడలో కూతురు హిమజ బడి నాటకానికి పురుషోత్తం అందరిలాగే కొత్తరకం కళ్లజోడు పెట్టుకుని వెళ్లాడు. అందులోంచి చూస్తే ఎవరి బిడ్డ వాళ్లకి ప్రధాన పాత్రలో కనిపిస్తుంది. ఆ సంగతి తెలిసినా, హిమజకు మాత్రం నిజంగానే రాణి వేషం ఇచ్చారని నమ్మేశాడు. నాటకాలంటే తనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని అతని నమ్మకం. రాణి మాట్లాడిన ప్రతిసారీ వెక్కివెక్కి ఏడ్చాడు.

"మా పాప గొంతు విన్నారా?" అన్నాడు పక్కాయనతో.

"ముందు మావాడి ఠీవి చూడండి," అన్నాడు ఆయనా ఏడుస్తూనే.

నాటకం అయ్యాక హిమజ చెమటతో తడిసి ముద్దై వచ్చింది.

"ఎలా చేశాను నాన్నా?"

"రాణంటే నువ్వేనమ్మా! ఆ డైలాగులు..."

పిల్ల మొహం వాడిపోయింది. "నాకు డైలాగులే లేవు. నేను గాడిద వెనక కాళ్లు. తోక కూడా నేనే ఊపాను. నువ్వు చూళ్లేదా?"

పురుషోత్తం సిగ్గుతో చచ్చిపోయాడు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"తప్పైపోయిందమ్మా. ఇప్పుడు చేసి చూపించవూ?"

"ముందు కాళ్లు లేకుండా ఎలా చేస్తారు? వంగు."

స్కూటర్లు నిలిపే చోట, ఇస్త్రీ చొక్కాతో పురుషోత్తం వంగాడు. హిమజ వెనకనుంచి అతని నడుం పట్టుకుని అడుగులు వేసింది. ఈసారి తను ముందున్నాడు కాబట్టి పిల్ల కనబడటం లేదు. అతను మెడ వెనక్కి తిప్పాడు.

"ముందు చూడు నాన్నా, గుద్దుకుంటావ్!"

అతను వెనక్కే చూస్తూ నడిచి, ఎవరిదో స్కూటర్‌ని గుద్దుకున్నాడు.