విత్తనం పడితే అమ్మనట్టే

“వచ్చిందా మామా?”

కంచె బయట నుంచి బస్సు డ్రైవరు అలా అడగడం పొద్దున్నుంచి మూడోసారి. లోపల ఫుట్‌బాల్ గోలు ముందు చీపురు పట్టుకుని నిలబడ్డ మైదానం పనివాడు గడ్డిమామ తల అడ్డంగా ఊపాడు.

“రాలేదట,” అని డ్రైవరు వెనక్కి తిరిగి, కంచె పక్కన నిలబడ్డ ఇద్దరికీ చెప్పాడు. లెక్కల మాస్టారి మొహం వాడిపోయింది. టైలరు మాత్రం నేను చెప్పలా అన్నట్టు మీసం దువ్వాడు.

రావలసింది చుట్టమూ కాదు, ఉత్తరమూ కాదు. గడ్డి విత్తనం. ఏటా ఆఖరి మ్యాచ్ అయిన మర్నాడే క్లబ్బు ఓనరు ఓ సంచి విత్తనం పంపిస్తాడు. ఆటగాళ్ళు తొక్కి తొక్కి బట్టతల చేసిపెట్టిన చోటల్లా గడ్డిమామ దాన్ని చల్లుతాడు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే వరస. ఈసారి ఆఖరి మ్యాచ్ అయి పదిరోజులు దాటింది.

“ఓనరు అమ్మేస్తున్నాడు, రాసిపెట్టుకోండి,” అన్నాడు టైలరు. “మొన్న ఇద్దరు మెరుపు బూట్లవాళ్ళు వచ్చి టేపు పెట్టి మైదానం కొలిచారు. కొలతలు తీశారంటే కత్తెర పడినట్టే. నాకు తెలీదా?”

“కొలిచినవన్నీ కత్తిరిస్తావా నువ్వు? నా చొక్కా కొలిచి రెండు నెలలైంది,” అన్నాడు డ్రైవరు.

“చివరి రెండు మ్యాచుల్లోనూ ఓనరు సగంలో లేచి వెళ్ళిపోయాడు కదా,” మాస్టారు దిగులుగా అన్నాడు.

“మనవాళ్ళ ఆట చూస్తే రిఫరీ కూడా లేచి వెళ్ళిపోయేవాడే మాస్టారూ. ఈల చేతిలో ఉంది కాబట్టి ఆగాడు, పాపం,” అన్నాడు డ్రైవరు.

“వేళాకోళం కాదయ్యా. విత్తనం పడితే అమ్మనట్టే. అమ్మేసే ఆవుకు ఎవడైనా దాణా పెడతాడా?”

“అమ్మే ఆవునే మేపుతారు మాస్టారూ. బక్క ఆవును ఎవడు కొంటాడు?” టైలరు వదల్లేదు.

“ఆవు సంగతి సరే. తవ్వి మేడలు కట్టేవాడికి గడ్డి దేనికి?”

ఈసారి టైలరు కూడా తల ఊపాడు. విత్తనం పడేదాకా వచ్చే ఏటి టికెట్లు ఒక్కటి కూడా కొనేది లేదని ముగ్గురూ అక్కడికక్కడే తీర్మానించారు. మధ్యాహ్నానికి ఆ మాట ఊరంతా పాకింది. టికెట్ల కిటికీలో కూర్చున్నావిడ స్వెట్టరు అల్లుకోవడం మొదలుపెట్టింది.

గడ్డిమామ కాపురం స్టాండు మెట్ల కింద రెండు గదుల్లో. అన్నం వడ్డిస్తూ ఆయన భార్య అడిగింది.

“మేడలు కడితే మన రెండు గదులూ ఉంచుతారంటావా?”

“ఉంచుతారు. పునాదిలో.”

“నీకు నవ్వులాట! ముప్ఫై ఏళ్ళు కట్టుకున్న సంసారం. ఈ వయసులో ఎక్కడికి పోతాం?”

ఆయన చెయ్యి కడుక్కుని తిన్నగా ఓనరు ఆఫీసుకు వెళ్ళాడు.

“బాబూ, విత్తనం...”

“చూద్దాం,” అన్నాడు ఓనరు కాగితాల్లోంచి తల ఎత్తకుండా. ఆయన నోట ఆ మాట వినడం గడ్డిమామకు అదే మొదలు.

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు పొద్దున్నే గడ్డిమామ భుజాన నిండు సంచితో మైదానంలోకి దిగాడు. గుప్పిట నింపి, మణికట్టు విదిలించి, విసనకర్రలా చల్లుకుంటూ గోలు దగ్గర నుంచి బయలుదేరాడు. డ్రైవరు బస్సును రోడ్డు మధ్యలో ఆపేసి కంచె మీదకు ఎక్కాడు.

“వచ్చిందా మామా?”

“నీకు కళ్ళు లేవా?” అన్నాడు గడ్డిమామ చెయ్యి ఆపకుండా.

అంతే. పది గంటలకల్లా టికెట్ల కిటికీ నుంచి వీధి మలుపు దాకా వరస. స్వెట్టరు బల్ల కిందకు పోయింది. టైలరు అందరికంటే ముందు నిలబడి, అసలు ఓనరు అమ్మడని మొదట చెప్పింది తానేనంటున్నాడు.

ఓనరు కారు గేటు దాటడానికి అరగంట పట్టింది. “విత్తనం వేయించిన ధర్మప్రభువు!” అని జనం ఆయన్ని భుజాల మీదకు ఎత్తుకున్నారు. ఆయన కాదు కాదంటూ చేతులు అడ్డంగా ఊపాడు. “చూశారా, ఎంత వినయమో!” అని మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు.

కిందకు దించగానే ఓనరు నలిగిన చొక్కాతోనే గడ్డిమామ దగ్గరకు వచ్చాడు. చల్లినది మైదానమంతా పలచగా పరుచుకుని ఉంది. గడ్డిమామ రబ్బరు గొట్టంతో నీళ్ళు కొడుతున్నాడు.

“నేను పంపలేదే! ఎక్కడి నుంచి తెచ్చావు?”

గడ్డిమామ నేలచూపులు చూశాడు.

“నీ జీతం పెట్టి కొన్నావా?”

గడ్డిమామ ఇంకో పక్కకు తిరిగి నీళ్ళు కొట్టాడు.

“మీ ఆవిడ మెడలోది ఏమైనా తాకట్టు పెట్టావా ఏమిటయ్యా?”

గొట్టం ఈ చేతి నుంచి ఆ చేతికి మారింది. అంతే.

ఓనరు ఒకసారి మైదానమంతా కలయజూశాడు. “నాన్నగారు పెట్టిన క్లబ్బు. ఇవాళ సాయంత్రం సంతకం పెట్టేద్దామనుకున్నాను. నువ్వేమో...” ఆయన ఫోను తీశాడు. “లేదండీ, మనసు మారింది. ఎంతిచ్చినా అమ్మను. ఇహ ఈ మాట ఎత్తకండి.” ఫోను జేబులో పడేసి గడ్డిమామ రెండు చేతులూ పట్టుకున్నాడు.

గడ్డిమామ మెల్లగా చేతులు విడిపించుకుని, గొట్టం కట్టేసి, “అయితే రేపు కాస్త విత్తనం పంపించండి బాబూ,” అన్నాడు, “పొద్దున్నుంచీ నేను చల్లింది వడ్రంగి ఊరికే ఇచ్చిన రంపపు పొట్టు.”