ఊపిరి బిగపట్టిన వెంకటప్పయ్య

“సూది ఎంత పొడవుంటుందండీ?” మూడోసారి అడిగాడు వెంకటప్పయ్య.

డాక్టర్ రాగిణి ఓపికగా కాగితం మీద ఊపిరితిత్తి బొమ్మ గీసి, అంచున ఒక చుక్క పెట్టింది.

“ఇదీ మచ్చ. క్యాన్సరో కాదో తేలాలంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ముందు మొద్దుబారడానికి ఇంజెక్షన్ ఇస్తాం. తర్వాత స్కానింగులో చూసుకుంటూ సూది పంపిస్తాం. ఊపిరి బిగపట్టమన్నప్పుడు కదలకుండా బిగపట్టాలి. అంతే.”

“బిగపట్టడం అంత తేలిక్కాదండీ,” అన్నాడాయన దిగులుగా.

పక్కనే ఉన్న భార్య శివపార్వతి నవ్వింది. “వారం నుంచీ అదే ప్రాక్టీసండీ ఈయనకి. పొద్దున కంకిపాడులో బస్సెక్కామా, కండక్టరు టికెట్ అడిగితే పలకరు. ముక్కు చూపిస్తారు. మాటలు రావనుకుని అతను నన్నడిగాడు.”

“ఇరవై మూడు సెకన్లు పట్టానండీ. సరిపోతుందా?”

“పదిహేను చాలండీ,” అంది రాగిణి.

సంతకం పెట్టాల్సిన కాగితం చదువుతూ ఆయన నాలుగో వరుస దగ్గర ఆగిపోయాడు. “గాలి లీకవ్వచ్చని రాశారేంటండీ?”

“ఎప్పుడైనా కొంచెం అవుతుంది. అందుకే తర్వాత నాలుగు గంటలు ఇక్కడే ఉంచి, ఎక్స్‌రే తీసి చూస్తాం.”

“లీకైతే పంక్చరు వేయడానికి ఇదేమన్నా సైకిలు ట్యూబా అండీ?”

అయినా సంతకం పెట్టాడు. అది వంకర్లు తిరిగింది. దాని పక్కన శివపార్వతి కూడా పెట్టింది. ఆయనకు పట్టిన చెమటలు చూసి నర్సు తెరేసమ్మ కూర్చోబెట్టి బీపీ చూసింది. నూట డెబ్భై. రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదాయన.

స్కానింగు గది బయట బల్ల మీద ఇద్దరే మిగిలారు.

“చుట్ట మానేసి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు,” అన్నాడు నెమ్మదిగా.

“తెలుసు. ఇంట్లో దుప్పట్ల వాసన పోయింది.”

“ముప్పై ఏళ్ల కిందటే మానాల్సింది పార్వతీ. నువ్వప్పుడే చెప్పావు. చేసిందంతా నేనే.”

“ఇప్పుడవన్నీ ఎందుకండీ? ఏమీ లేకపోనూవచ్చని డాక్టరమ్మ నిన్నే చెప్పిందిగా.” ఆమె కొంగుతో ఆయన నుదురు తుడిచింది. “అరగంట పని. సాయంత్రానికి ఇంట్లో ఉంటాం.”

ఆయన తలూపాడు గానీ, ఆమె చెయ్యి వదల్లేదు.

తలుపు తెరుచుకుంది. “పేషెంట్ ఒక్కరే లోపలికి రావాలండీ,” అంది తెరేసమ్మ.

వెంకటప్పయ్య గోడ పట్టుకుని లేచాడు.

“పరీక్ష నాకండీ, మీకు కాదు. కూర్చోండి,” అని శివపార్వతి చెప్పులు విప్పి లోపలికి నడిచింది.