నాలుగో నంబరు బస్సు

"నన్నడక్కుండా నాకు టికెట్టు ఎవరు కొనమన్నారు?" థెల్మా టీ కప్పును సాసర్లో ఠప్పున పెట్టింది. ఓడ భోజనశాలలో పక్క బల్లవాళ్ళు తలలు తిప్పి చూశారు. చూస్తే చూడనీ అనుకుంది.

నార్మన్ రొట్టెకి వెన్న రాయడం ఆపలేదు. "ఓడవాళ్ళ బస్సు. నాలుగో నంబరు. పాత చెక్క చర్చి, జలపాతం, చివర్లో కొండమీద నుంచి ఫోటోలు. సాయంత్రానికి వచ్చేస్తాం."

"మా నాన్న సమాధి ఆ కొండమీద లేదు."

అదీ అసలు సంగతి. థెల్మా చంకలో పిల్లగా ఉన్నప్పుడే, సొంతూరు హల్ రేవు నుంచి చేపల వేటకు వెళ్ళిన తండ్రి తుఫానులో పోయాడు. శవం నార్వే ఒడ్డుకు కొట్టుకొస్తే అక్కడి పల్లెవాళ్ళే తమ చర్చి పక్కన పూడ్చారు. తల్లి ఆ సమాధిని చూడకుండానే కన్నుమూసింది. ఇప్పుడీ నెలల తరబడి సాగే ప్రయాణంలో ఓడ ఆ పల్లెకు దగ్గరి రేవులో ఒక్క పగలు ఆగుతోంది. ఓడవాళ్ళ బస్సులేవీ అటు పోవు. అందుకే థెల్మా ఇంటి దగ్గర ఉండగానే ఇంగున్ అనే ప్రైవేటు గైడును కారుతో సహా మాట్లాడుకుంది.

"ప్రైవేటు గైడుతో వెళ్తే ఓడ ఆగదు," అన్నాడు నార్మన్. ఓడెక్కిన నాటి నుంచి ఇదే పాట. "వాళ్ళ బస్సు ఆలస్యమైతే ఎంతసేపైనా ఆగుతుంది. స్టిక్కర్లు చూసి లెక్కపెడతారు, ఒక్క తల తగ్గినా బస్సు కదలనివ్వరు. పద్ధతంటే అదీ. సొంతంగా తిరిగేవాళ్ళని మాత్రం వదిలేసి పోతారు. మొన్నటి రేవులో ఆ మొగుడూపెళ్ళాలు ఒడ్డున నిలబడి చేతులూపడం చూశావుగా?"

"చూశాను. నువ్వు పైనుంచి వాచీ చూసుకుని తలాడించడం కూడా చూశాను."

రైల్లో గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి మరి. కన్నతల్లి ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుకొస్తున్నా పచ్చజెండా ఊపేశాడని హల్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తల్లి చనిపోయేదాకా ఆ మాట ఎత్తి దెప్పుతూనే ఉండేది.

"ఈ ఒక్క రోజు నువ్వు నాతో రావాలి నార్మన్. అక్కడ నేనొక్కదాన్నే నిలబడలేను."

"ఇద్దరం ఆ కారులో కూర్చుంటే ఎలా? ఒక్కరైనా ఓడ బస్సులో ఉండాలి."

థెల్మాకు ఒళ్ళు మండిపోయింది. "అంటే, నేను ఒడ్డున మిగిలిపోయినా నీ విహారం మాత్రం ఆగకూడదు. అంతేగా?"

నార్మన్ మెడలో వేలాడే దుర్భిణి అద్దాలు తుడుచుకున్నాడు. పక్షుల పిచ్చి కదా, నిద్రలో తప్ప అది మెడ దిగదు.

"ఆవిడ కారు ఏ రంగు?"

"ఎరుపు. ఎందుకు, పోలీసులకి చెప్పుకోడానికా?"

"ఊరికే." చొక్కాకి నాలుగో నంబరు స్టిక్కరు అంటించుకుని వెళ్ళిపోయాడు.

ఇంగున్ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఒక సొరంగంలోంచి బయటపడ్డాక మాత్రం వెనక్కి తిరిగి, నీళ్ళకు అవతల ఉన్న కొండ కొమ్మును చూపించింది. "మీ ఓడ బస్సులన్నీ చివరికి అక్కడికే వస్తాయి. ఈ సొరంగం రేవు వైపు మూతి నుంచి దారంతా అక్కణ్ణుంచి కనిపిస్తుంది."

"మా ఆయన దారి చూడడు లెండి. గద్దల్ని చూస్తాడు."

పల్లెలో సమాధిరాయి మీద నాచు లేదు. తండ్రి పేరుకు ఎవరో కొత్తగా నల్లరంగు వేశారు. "మా అమ్మ వేసేది, ఇప్పుడు నేను వేస్తున్నాను," అంది చర్చి పక్కింటి ముసలామె. థెల్మా ఆ రాయి మీద చెయ్యి పెట్టి గట్టిగా ఏడ్చింది. ఏడుస్తూనే, ఇక్కడ భుజం పట్టుకోవాల్సినవాడు బస్సులో కూర్చున్నాడని పళ్ళు కొరికింది. ముసలామె కాఫీ తాగందే కదలనివ్వలేదు. థెల్మాకూ కదలబుద్ధి కాలేదు.

తిరుగు దారిలో సొరంగం ముందు బళ్ళు బారులు తీరాయి. లోపల మరమ్మతు జరుగుతోంది, ఒక వైపువాళ్ళని ఆపి ఇంకో వైపువాళ్ళని వదులుతున్నారు.

"ఓడ వెళ్ళిపోతుందా?" అంది థెల్మా.

ఇంగున్ గడియారం వైపు చూసింది. నార్మన్ మాటే నిజమవుతుందన్న భయం కన్నా, నిజమైతే అతను తలాడించే తీరు తలుచుకుంటేనే థెల్మాకు ఎక్కువ మంటగా ఉంది.

రేవు చేరేసరికి బయల్దేరే సమయం ఎప్పుడో దాటిపోయింది. ఓడ మాత్రం అక్కడే ఉంది. మెట్లు కూడా తీయలేదు.

"మీ అదృష్టం మేడమ్," అన్నాడు మెట్ల దగ్గరి ఆఫీసరు చిరాగ్గా. "మా నాలుగో నంబరు బస్సు ఇంకా రాలేదు. పైన కెప్టెన్ గారు నిప్పులు కక్కుతున్నారు."

కాసేపటికి ఆ బస్సు వచ్చింది. దిగినవాళ్ళందరూ తిట్టుకుంటూ దిగారు. ఒకావిడ థెల్మాను చూసి నేరుగా మీదికొచ్చింది. "మీ ఆయన నిర్వాకమేనమ్మా ఇదంతా. కొండమీద బండరాయెక్కి కూర్చుని దుర్భిణి దించితే ఒట్టు. గద్దట, గద్ద. బస్సెక్కమని ఆ గైడు పిల్ల బతిమాలి బతిమాలి ఏడ్చేసింది."

అందరి వెనకా నార్మన్ తలొంచుకుని దిగాడు.

"గద్ద కోసమా?" థెల్మా అతని దారికి అడ్డంగా నిలబడింది. "మా నాన్న దగ్గరికి రాలేవు కానీ, గద్ద కోసం గంటలు కూర్చుంటావు. కన్నతల్లి కోసం రైలాపని మనిషివి, ఇవాళ ఇంత పెద్ద ఓడని ఆపావు. సిగ్గులేదూ? ఇంతమంది చేత తిట్లు తింటూ ఏం చూశావక్కడ?"

నార్మన్ తలెత్తాడు. దుర్భిణి ఒత్తుకుని అతని కళ్ళ చుట్టూ ఎర్రటి చారలు పడ్డాయి.

"నీ ఎర్ర కారు సొరంగం దాటలేదుగా మరి."