వెల్లకిలా పడుకున్న మనిషి

మాజూ తల్లి పల్లకి వంతెన దిగింది.

డోలు వినపడగానే జనమంతా రోడ్డు మీద వరుసగా బోర్లా పడుకున్నారు. అమ్మవారు వీపుల మీదుగా సాగిపోతే ఏడాదంతా చల్లగా గడుస్తుంది. ఆ ఒక్కరోజు మా ఊరి పిల్లులు కూడా బోర్లానే పడుకుంటాయి.

ఒక ముసలాయన మాత్రం వెల్లకిలా పడుకున్నాడు.

వరుస చూసుకునే బున్-హియోంగ్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏం తాతా, ఎండ కాగుతున్నావా? తిరుగు!"

"ఇలాగే ఉండనీ నాయనా."

"అమ్మవారికి ఎదురుగా మొహం పెడతావా? ఏ ఊరు మీది?"

"ఒకప్పుడు ఇదే. వచ్చే ఏటికి నేనుండనని డాక్టరు చెప్పేశాడు. ఈ ఒక్కసారికి..."

"ఒక్కసారికని మర్యాద తప్పుతామా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు.

"పల్లకి అడుగున మేకులెన్నో లెక్కపెడతాడు కాబోలు!"

"బోర్లా పడుకో, లేదా లే!"

ముసలాయన తిరగలేదు.

బున్-హియోంగ్, ఇంకో ఇద్దరు కలిసి రెక్కలు పట్టి లేపి, పక్కకు లాగి కూర్చోబెట్టారు.

పల్లకి ఊగుతూ వచ్చింది, వీపుల మీదుగా వెళ్లిపోయింది. వెళ్లిన దారిన వెనక్కి రావడం మాజూ తల్లికి అలవాటు లేదు.

ముసలాయన పల్లకి వెనకవైపుకే దండం పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం రోడ్డు పక్కన గ్యోక్-చీ అత్త వచ్చినవాళ్లందరికీ ఊరికే బియ్యపు సేమ్యా పెడుతోంది. బున్-హియోంగ్ గిన్నె అందుకుని, పట్నం నుంచి వచ్చినవాళ్ల ముందు కథ ఎత్తుకున్నాడు.

"పాత గుడి తగలబడిన రోజు మా తల్లి ఏం చేసిందనుకున్నారు? మంటల్లోంచి తనంతట తానే నడిచొచ్చి ఉప్పుమడి గట్టున కూర్చుంది! మా నాన్న కళ్లారా చూశాడు."

"కూర్చున్నది చూశాడు," అంది అత్త. "నడిచింది చూశాడట్రా?"

"అదేం మాటత్తా?"

"ఇందాక నువ్వు లాగినప్పుడు ఆ తాత చొక్కా పైకి జరిగింది. వీపంతా కాలిన మచ్చలే. సేమ్యా పెట్టి అడిగాను."

బున్-హియోంగ్ గిన్నె కింద పెట్టేశాడు.

"ఎక్కడున్నాడు?"

"బస్సెక్కేశాడు."

"నీతో ఏమన్నాడు?"

అత్త గరిటె పక్కన పెట్టింది.

"'ఆ మంటల్లోంచి తల్లిని వీపున మోసుకొచ్చింది నేనేనమ్మా, పాపం ఆవిడ నా వీపు తప్ప ఏం చూసింది, పోయేలోగా ఒక్కసారి మొహం చూపించుకుందామని వచ్చాను' అన్నాడు."