అవతలి ఎనిమిదడుగులు

“వద్దమ్మాయ్, ఈ షెడ్డు మీకు చాలదు.”

టేపు ఒక కొస భర్త చేతికిచ్చి, ఇంకోసారి కొలుద్దామని రెండో కొస పట్టుకుని వెనక గోడ దాకా వెళ్ళిన ఆమె తిరిగి చూసింది.

షట్టర్ దగ్గర ఎవరో పెద్దాయన. మాసిన చొక్కా, అరిగిన చెప్పులు. పక్క వీధిలోని పెద్ద షెడ్డు కూడా చూపిస్తానని బ్రోకరు తాళంచెవి కోసం వెళ్ళాడు. ఈయన ఎప్పుడొచ్చాడో ఇద్దరూ గమనించలేదు.

“ఏం చేద్దామని?” అడిగాడు పెద్దాయన.

“తలుపులండీ. నేను వడ్రంగిని,” అన్నాడు భర్త.

“తలుపులంటే ఎనిమిదడుగుల చెక్కలు. ఇది చూస్తే పదిహేనడుగులే.”

ఆమెకి నవ్వొచ్చింది.

పెళ్ళయి నలభై రోజులు. అందులో సగం సాయంత్రాలు ఇద్దరూ నేల మీద బోర్లా పడుకుని, గళ్ళ కాగితం మీద ఈ షెడ్డునే గీశారు. రంపం మిషనుకి అగ్గిపెట్టె, చిత్రిక మిషనుకి చొక్కా గుండీ. అటు జరిపి, ఇటు జరిపి, దెబ్బలాడుకుని, మళ్ళీ నవ్వుకుని, మొత్తానికి అన్నీ పట్టించారు. పక్కపక్కన కూర్చుని అన్నం తినడానికి ఒక మూల కూడా మిగిలింది. ఆమెకి మిషన్ల కన్నా ఆ మూలే ముద్దు.

“అంగుళాలతో సహా కొలిచాం తాతగారూ. పదిహేనులో ఎనిమిది పట్టదా?”

“నిలబెడితే పడుతుంది, పడుకోబెడితే పడుతుంది. చిత్రిక పడదామంటేనే పట్టదు. మిషను మూడడుగులు. చెక్క దూరడానికి ఇవతల ఎనిమిది కావాలి, బయటికి రావడానికి అవతల ఎనిమిది కావాలి. నువ్వు మిషన్ని కొలిచావు గానీ చెక్క నడకని కొలవలేదు. ఆ పెద్ద షెడ్డు తీసుకోండి.”

పెద్ద షెడ్డు! ఆ మాటతో ఆమెకి అంతా అర్థమైపోయింది.

“విన్నావా బావా? ఈయనా బ్రోకరు మనిషే. పెద్దది అంటగడితే పెద్ద కమిషను!”

“మెల్లగా. వింటాడు.”

“విననీ! దుప్పటి చూసుకుని కాళ్ళు చాపుకోమని మా అమ్మ చెప్పి మరీ పంపింది.”

పెద్దాయన కదల్లేదు.

“దుప్పటి సంగతి సరే. ముందు నీ కాళ్ళెంత పొడుగో తెలియాలిగా అమ్మాయ్?”

ఆమెకి ఒళ్ళు మండింది. మాటా మాటా పెరిగి, షెడ్డులో మొదలైన గొడవ వీధిలోకొచ్చింది. ఎదురు కొట్టువాళ్ళు పని మానేసి చూస్తున్నారు.

“ఒక్క నెలలో ఏడుస్తావు. మొండిఘటానివి!”

“అవును, మొండిఘటాన్నే! కావాలంటే మా బావనడగండి, నలభై రోజులుగా అదే అంటున్నాడు. ఇదే తీసుకుంటాం. ఇందులోనే తలుపులు చేసి చూపిస్తాం. మీరిక దయచేయండి!”

పెద్దాయన ఆమెని ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు.

ఓనరు సంతకం చేసి పంపిన అగ్రిమెంటు రెండు రోజుల్లో బ్రోకరు తెచ్చాడు. ఆమె టకటకా సంతకం పెట్టింది.

మొదటి ఆర్డరు ఒక హాస్టలుది. ఇరవై నాలుగు తలుపులు, నెలాఖరుకల్లా.

మొదటి చెక్క మిషనులోకి ఠీవిగా వెళ్ళింది. అవతల నాలుగడుగులు బయటికొచ్చి, ధడేల్మని వెనక గోడకి కొట్టుకుని ఆగింది.

భర్త మిషను ఆపాడు.

“లెక్కల పంతులమ్మగారూ...” అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి మిగతాది మింగేశాడు.

మిషన్ని ముందుకి లాగి, వీధిలో నిలబడి షట్టర్లోంచి చెక్కలు తోశారు. వచ్చేపోయే బళ్ళవాళ్ళు తిట్టారు. నాలుగో రోజు వాన పట్టుకుంది. తడిసిన చెక్క చిత్రికకి లొంగదు. పెద్ద షెడ్డేమో నీళ్ళ సీసాల వాళ్ళు తీసేసుకున్నారు.

తొమ్మిది తలుపులయ్యాయి. పది రోజులున్నాయి. ఆలస్యమైతే ఆర్డరు ఇంకొకరికిస్తామని హాస్టలువాళ్ళు కబురు పెట్టారు.

“మనకి చేతకాదని చెప్పేద్దామా?” అన్నాడు భర్త.

“చెప్పేది లేదు. వెనక గోడకి కన్నం పెడదాం. గోడవతల ఖాళీ జాగాయేగా. పైన రేకు దించితే వాన పడదు, బళ్ళూ రావు.”

“గోడ పగలగొడతానంటే ఏ ఓనరు ఊరుకుంటాడే?”

“ఊరుకోకపోతే వాళ్ళింటి గుమ్మంలో కూర్చుంటా. ఒప్పుకునేదాకా లేవను.”

దారి పొడవునా మాటలు కూడబెట్టుకుంది. ఆయన ఇలా అంటే తను ఇలా, అలా అంటే అలా. కొంగు బిగించి బ్రోకరు గదిలో అడుగుపెట్టింది.

“ఓనరు అడ్రసివ్వండి. వెనక గోడ పగలగొట్టాలి. కుదరదంటే ఎందుకు కుదరదో ఆయనే నాకు చెప్పాలి!”

బ్రోకరు తాపీగా సొరుగు లాగి ఒక కాగితం తీశాడు.

“అగ్రిమెంటు రోజే రాసిచ్చారు. నెల తిరక్కుండా వస్తుంది, వచ్చాకే ఇవ్వు, ముందిస్తే విసిరికొడుతుంది అన్నారు.”

ఆమె కాగితం లాక్కుని చదివింది. ‘వెనక గోడకి కన్నం పెట్టుకోవచ్చు. నా జాగాలోకి ఎనిమిదడుగులు రేకు దించుకోవచ్చు. నాకే అభ్యంతరమూ లేదు.’

కూడబెట్టుకున్న పోట్లాటంతా ఆమె నోట్లోనే ఉండిపోయింది.

“ఈయనకెలా తెలుసు? ఒక్కసారి కలిసి దండం పెట్టుకుంటానండీ. ఎక్కడుంటారు?”

“ఇక్కడెక్కడమ్మా! షెడ్డు అద్దెకివ్వగానే కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఇక రారు. అయినా మీరు ఆయన్ని చూశారుగా?”

“నేనా? ఎప్పుడు?”

“ఈ షెడ్డు తీసుకోవద్దు మొర్రో అన్నందుకు కమిషను మనిషని నడివీధిలో కడిగేసి పంపించారే, ఆ పెద్దాయనేనమ్మా మీ షెడ్డు ఓనరు.”