మేస్త్రీ అలక

ఆదోని కాలేజీలో కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ పిల్లలకు సాఫ్ట్ స్కిల్స్ చెప్పే బాలకృష్ణయ్య సార్ ఆ రోజు క్లాసులో నాటకం వేయించాడు.

"నేను ఇల్లు కట్టించుకునే ఓనర్ని. ప్రమీలా, నువ్వు అలిగి పని మానేసిన మేస్త్రీవి. నిన్ను మళ్లీ పనిలోకి రప్పించాలంటే నేనేం మాట్లాడాలి?"

ప్రమీల చేతులు కట్టుకుని ముఖం తిప్పుకుంది. "నేను రాను పో సార్."

"కూలి పెంచుతానయ్యా."

"కూలి ఎవురడిగినారు? ముందు 'అన్నా, తిన్నావా' అని పలకరించు. సుట్టాల ముందర మెట్లు వంకరని అరిసింది తప్పేనని సెప్పు. అప్పుడొస్తా."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. సార్ ముఖం మాత్రం పాలిపోయింది.

"మెట్ల సంగతి నేను చెప్పలేదే! నీకెవరు చెప్పారు?"

"ఎమ్మిగనూరులో మీ ఇల్లు కడతాండేది మా నాయినే సార్."

సార్ ఫోను తీసుకుని వరండాలోకి నడిచాడు.

"అన్నా, తిన్నావా?"

ఆ తర్వాత మాట రాక నసుగుతున్నాడు. ప్రమీల కిటికీలోంచి తొంగిచూసి, మెల్లిగా అందించింది.

"మెట్లు సార్, మెట్లు!"